మందు పంపుకు పేటెంటు వస్తుందా? ఎగ్జామినర్ ఏం చూస్తాడు?

రెజ్యూమెలో 'పేటెంట్ పబ్లిష్డ్' అన్న ఒక్క లైను కోసం ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇప్పుడు మామూలు హడావుడి లేదు. ర్యాంకింగుల కోసం కాలేజీలు, పదోన్నతుల కోసం అధ్యాపకులు, ప్లేస్‌మెంట్ల కోసం విద్యార్థులు... అందరికీ పేటెంటు కావాల్సిందే. లెక్కలూ అదే చెబుతున్నాయి. 2022-23లో దేశంలో మంజూరైన పేటెంట్లు 34 వేల పైచిలుకు. 2023-24లో అవి లక్షా 3 వేలు దాటాయి. అదే ఏడాది కొత్తగా వచ్చిన దరఖాస్తులు 92 వేలకు పైనే.

అంకెలు బాగున్నాయి. మరి ఇంటర్వ్యూలో ఎదుటివారు 'మీ పేటెంటులో కొత్తదనం ఏంటి? ఎగ్జామినర్ ఏమన్నాడు?' అని అడిగితే? చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. ఎందుకంటే వాళ్ల దరఖాస్తును ఎగ్జామినర్ అసలు చూసే ఉండడు! పేటెంటు పరీక్ష ఎలా జరుగుతుందో తెలిస్తే రెండు లాభాలు. ఒకటి, మీ ప్రాజెక్టుకు నిజంగా విలువ ఉందో లేదో ముందే తేల్చుకోవచ్చు. రెండు, ఆ పరీక్ష చేసే ఉద్యోగమే మీకు కెరియర్ కావచ్చు. ఇదంతా అర్థం కావడానికి మనందరికీ తెలిసిన వస్తువునే తీసుకుందాం. అదే పిస్టన్‌తో నడిచే స్ప్రేయర్... మన ఊళ్లో చెప్పుకునే మందు పంపు.

కోవూరు చేను నుంచి రొయ్యల గుంట దాకా

నెల్లూరు తీరంలో ఈ పంపు లేని ఊరు ఉండదు. కోవూరు, విడవలూరు, అల్లూరు వైపు వరిచేలల్లో మందు కొట్టాలన్నా, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల్లో సున్నపు నీళ్లో, క్రిమిసంహారక ద్రావణమో చల్లాలన్నా వీపున డబ్బా తగిలించుకోవాల్సిందే. దాని లోపల ఉండేది చాలా పాత సూత్రం. లివర్‌ను కొడితే సిలిండర్‌లో పిస్టన్ కదులుతుంది. ఒక స్ట్రోకులో సక్షన్ వాల్వు తెరుచుకుని ట్యాంకులోని ద్రవం సిలిండర్‌లోకి వస్తుంది. రెండో స్ట్రోకులో ఆ వాల్వు మూసుకుని, డెలివరీ వాల్వు గుండా ద్రవం ప్రెజర్ చాంబర్‌లోకి పోతుంది. అక్కడ నొక్కుకున్న గాలి ద్రవాన్ని ఒకే ధారగా నాజిల్ వైపు నెడుతుంది. అందుకే లివర్ ఆగి ఆగి కొట్టినా తుంపర ఆగకుండా పడుతుంది.

వీపుకు తగిలించుకునే స్ప్రేయర్లు 19వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సు ద్రాక్ష తోటల కోసం వచ్చాయి. అప్పటి నుంచి ప్రపంచమంతా వాటికి మార్పులు చేస్తూనే ఉంది. అంటే స్ప్రేయర్ మీద పేటెంటు అడిగేవాళ్లు 130 ఏళ్లకు పైబడిన పాత పత్రాలతో పోటీ పడాలి. మరి ఇంత పాత వస్తువులో ఇంకా కొత్తదనానికి చోటుందా? ఈ ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఒక చిన్న మూత... ఒక పెద్ద తీర్పు

అమెరికాలో కుక్ కెమికల్ అనే కంపెనీ ఇళ్లలో వాడే పురుగుల మందు అమ్మేది. సీసాకు స్ప్రేయర్ బిగించి పంపితే రవాణాలో మందు కారిపోయేది. విడిగా కట్టి పంపితే స్ప్రేయర్లు దారిలో పోయేవి. ఆ కంపెనీకి చెందిన బాక్స్‌టర్ స్కాగిన్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. వేలితో నొక్కే పిస్టన్ పంపును కిందికి అణిచిపెట్టి ఉంచే మూత, దానికి కారకుండా బిగుసుకునే సీల్. 1959లో పేటెంటు వచ్చింది. కాల్మార్ అనే స్ప్రేయర్ల కంపెనీ ఇలాంటిదే తెచ్చింది. గొడవ కోర్టుకెక్కింది. కింది కోర్టులు రెండూ స్కాగిన్ పేటెంటు చెల్లుతుందన్నాయి. 1966 ఫిబ్రవరి 21న సుప్రీంకోర్టు మాత్రం చెల్లదని తేల్చింది. ఇదే 'గ్రాహమ్ వర్సెస్ జాన్ డీర్' తీర్పులో భాగంగా వచ్చిన స్ప్రేయర్ కేసు.

ఎందుకు చెల్లలేదు? సమాధానం పేటెంట్ ఆఫీసు ఫైల్లోనే ఉంది. స్కాగిన్ మొదట చాలా విశాలంగా హక్కు అడిగాడు. ఎగ్జామినర్ 1938 నాటి లోస్ పేటెంటును, 1952 నాటి మెలన్ పేటెంటును ముందు పెట్టి ఒప్పుకోలేదు. దాంతో స్కాగిన్ పక్షం తన క్లెయిమ్‌లను కుదించుకుంది. వాషర్‌కు బదులు చిన్న గట్టు లాంటి అంచుతో సీల్ కావడం, మూతకూ సీసా కాలర్‌కూ మధ్య కాస్త ఖాళీ ఉండటం... తమ ప్రత్యేకత ఈ రెండేనని రాసుకుంది. పేటెంటు వచ్చింది సరే. కోర్టులో మళ్లీ విశాలమైన హక్కు గురించి మాట్లాడబోతే న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. పరీక్ష దశలో ఏది వదులుకున్నారో దాన్ని తర్వాత తిరిగి అడగడం కుదరదన్నారు.

ఇక మిగిలినవి ఆ రెండు చిన్న తేడాలు. అలాంటి సీల్ లివింగ్‌స్టన్ అనే మరొకరి పాత పేటెంటులో కనిపించింది. ఆ పత్రం పరీక్ష సమయంలో ఎగ్జామినర్ ముందుకు రాలేదు. 'అది ద్రవం వంపుకునే మూతకు సంబంధించింది, స్ప్రేయర్‌కు కాదు కదా' అని కుక్ కంపెనీ వాదించింది. సమస్య సీసా మూత బిగించడానికి సంబంధించింది కాబట్టి, ఆ పని తెలిసినవాడు అటు కూడా చూస్తాడని కోర్టు చెప్పింది. అమ్మకాలు బాగున్నాయి, ఏళ్ల తరబడి ఎవరూ పరిష్కరించలేదు అన్న వాదనలు కూడా ఈ పేటెంటును నిలబెట్టలేకపోయాయి.

అదే రోజు అదే కోర్టు ఆడమ్స్ అనే వ్యక్తి బ్యాటరీ పేటెంటును మాత్రం సమర్థించింది. అందులోని పదార్థాలూ ముందు నుంచీ తెలిసినవే. అయితే వాటిని కలిపిన తీరు వల్ల వచ్చిన ఫలితం నిపుణులు ఊహించనిది. తెలిసిన భాగాలు వాడటం తప్పు కాదు. ఆ కలయిక నుంచి ఏమొచ్చిందన్నదే లెక్క.

మన చట్టం ఏమంటోంది?

మన దగ్గరా దాదాపు ఇదే దారి. మీర్జాపూర్‌లో గిన్నెలు తయారుచేసే ఒక సంస్థ, లేత్ మీద పాత్రను పట్టి ఉంచే సాధనానికి పేటెంటు తీసుకుంది. 1978 డిసెంబరులో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో మన సుప్రీంకోర్టు ఆ పేటెంటు చెల్లదంది. వర్క్‌షాపులో అనుభవం ఉన్న పనివాడు మామూలుగా చేసే మెరుగుదల ఆవిష్కరణ కాదన్నది ఆ తీర్పు సారం.

పేటెంట్ల చట్టం-1970లో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన మెట్లు ఇవి.

కొత్తదనం: మీరు చెప్పిన అంశాలన్నీ ఒకే పాత పత్రంలోనో, వాడకంలోనో ఉంటే అక్కడితో కథ ముగిసినట్టే.

ఆవిష్కరణ స్థాయి: సెక్షన్ 2(1)(జెఏ) ప్రకారం ఇప్పటికే ఉన్న పరిజ్ఞానం కన్నా సాంకేతికంగా ముందడుగు ఉండాలి, లేదా ఆర్థిక ప్రాధాన్యం ఉండాలి. ఏదున్నా, ఆ రంగం తెలిసినవాడికి అది ఇట్టే తట్టేది కాకూడదు.

మినహాయింపులు: సెక్షన్ 3(ఎఫ్) ప్రకారం, తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టి, ఒక్కోటి తన పాత పని తాను చేసుకుంటూ పోతే దానికి పేటెంటు రాదు. సెక్షన్ 3(హెచ్) వ్యవసాయ పద్ధతులను మినహాయిస్తుంది. స్ప్రేయర్ అనే యంత్రానికి ఇది అడ్డు కాదు. 'ఈ పంటకు ఈ విధంగా మందు కొట్టే పద్ధతి' అని రాస్తే మాత్రం ఎగ్జామినర్ ఇక్కడ పట్టుకుంటాడు.

ఒక ప్రాజెక్టును పరీక్షిద్దాం

నెల్లూరులో ఫైనలియర్ మెకానికల్ చదువుతున్న నలుగురు విద్యార్థులు ఉన్నారనుకుందాం. వాళ్ల మొదటి ఆలోచన: బండి తోసుకుంటూ పోతే చక్రం తిరిగి, క్రాంకు ద్వారా పిస్టన్ పంపు నడిచే స్ప్రేయర్. పైన ఒక సోలార్ ప్యానెల్, మొబైల్ చార్జింగ్ పాయింటు. చూడ్డానికి బాగుంటుంది, ప్రదర్శనలో చప్పట్లూ వస్తాయి. ఎగ్జామినర్ దగ్గర మాత్రం నిలబడదు. చక్రంతో నడిచే స్ప్రేయర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. సోలార్ ప్యానెల్ కరెంటు ఇస్తుంది, పంపు తన పని తాను చేస్తుంది. ఒకదాని వల్ల రెండోది మెరుగుపడిందేమీ లేదు. నేరుగా 3(ఎఫ్) అభ్యంతరం వస్తుంది.

ఇప్పుడు అదే జట్టు ఊళ్లోకి వెళ్లి, పంపులు రిపేరు చేసే మెకానిక్ దగ్గర నాలుగు రోజులు కూర్చుందనుకుందాం. సున్నపు నీళ్లు చల్లే పంపుల్లో సక్షన్ వాల్వు దగ్గర రేణువులు చేరి సరిగ్గా మూసుకోవడం లేదని, లివర్ ఎంత కొట్టినా ప్రెజర్ ఎక్కడం లేదని తెలిసింది. వాళ్లు వాల్వు సీటు చుట్టూ ఏటవాలుగా ఒక గాడి పెట్టారు. పిస్టన్ లాగినప్పుడు లోపలికి వచ్చే ద్రవంలో కొంత ఆ గాడి గుండా సుడి తిరుగుతూ పోయి, ప్రతి స్ట్రోకుకూ సీటును కడుగుతుంది. అదనపు మోటారు లేదు, అదనపు భాగం లేదు.

దీనికి పేటెంటు ఖాయమా? ఇంకా చెప్పలేం. ఎగ్జామినర్ మూడు ప్రశ్నలు వేస్తాడు. ఇలాంటి గాడి ఎక్కడైనా ఉందా? స్ప్రేయర్లలో లేకపోయినా బురద నీళ్లు తోడే పంపుల్లోనో, రంగులు కొట్టే యంత్రాల్లోనో ఉందా? ఉంటే, దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టాలని పని తెలిసినవాడికి సహజంగా తట్టేదేనా? లివింగ్‌స్టన్ మూత కథ గుర్తుందిగా! పక్క రంగం కదా అని వదిలేస్తే దెబ్బతింటారు.

విద్యార్థుల చేతిలో ఉండాల్సిన బలం పరీక్షల ఫలితాలు. గాడి ఉన్న పంపు, లేని పంపు రెండింటినీ ఒకే సున్నపు ద్రావణంతో, ఒకే సంఖ్యలో స్ట్రోకులు నడిపి ప్రెజర్ ఎంత నిలిచిందో కొలవాలి. గాడి కోణం ఎంత ఉంటే ఫలితం మారుతోందో రాయాలి. 'సామర్థ్యం పెరిగింది' అన్న మాటకు విలువ లేదు. కొలిచిన అంకెకు విలువ ఉంటుంది. పైగా, మీ వివరణ చదివి మరో మెకానికల్ ఇంజినీరు దాన్ని తయారు చేయగలగాలి. కీలకమైన విషయం దాచిపెట్టి పేటెంటు అడగడం కుదరదు.

ఇక క్లెయిమ్. 'మెరుగైన స్ప్రేయర్' అని రాస్తే మొదటి నివేదికలోనే తిరిగొస్తుంది. ట్యాంకు, సిలిండర్, పిస్టన్ ఉన్న స్ప్రేయర్ అని మొదలుపెట్టి, 'సక్షన్ వాల్వు సీటు చుట్టూ ఏటవాలు గాడి ఉండి, సక్షన్ స్ట్రోకులో ద్రవంలో కొంత భాగం ఆ గాడి గుండా పోయి సీటును కడిగేలా అమర్చిన' అని ప్రత్యేకతను స్పష్టంగా చెప్పాలి. మరీ విశాలంగా రాస్తే పాత పత్రాలు కొట్టేస్తాయి. మరీ ఇరుకుగా రాస్తే పక్కవాడు గాడిని కాస్త మార్చి తప్పించుకుంటాడు. ఈ రెంటి మధ్య గీత గీయడమే పేటెంట్ డ్రాఫ్టింగ్ ఉద్యోగం.

దరఖాస్తు ప్రయాణం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి. ఫైలింగ్ ఆన్‌లైన్లోనే. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, విద్యాసంస్థలకు ప్రాథమిక ఈ-ఫైలింగ్ ఫీజు 1,600 రూపాయలు. ఆలోచన రూపు దిద్దుకునే దశలో ఉంటే ప్రొవిజనల్ దరఖాస్తు వేసి, 12 నెలల్లో పూర్తి వివరణ ఇవ్వవచ్చు. మామూలుగా 18 నెలలు నిండాక దరఖాస్తు పేటెంట్ జర్నల్‌లో ప్రచురితమవుతుంది. ఫామ్ 9తో అదనపు ఫీజు కడితే ఇంకా ముందే వస్తుంది.

ఇక్కడే అసలు తిరకాసు. ప్రచురణకు, పరీక్షకు సంబంధం లేదు. పరీక్ష కావాలంటే ఫామ్ 18తో విడిగా అడగాలి. వ్యక్తులకు దీని ఫీజు 4,000 రూపాయలు. 2024 మార్చిలో నియమాలు మార్చాక, తొలి దరఖాస్తు తేదీ నుంచి 31 నెలల్లోగా అడగాలి. అంతకుముందు ఈ గడువు 48 నెలలు. అడగకపోతే దరఖాస్తును ఉపసంహరించుకున్నట్టే లెక్క. అడిగాక ఎగ్జామినర్ పాత పత్రాలు వెతికి తొలి పరీక్ష నివేదిక ఇస్తాడు. దీన్నే ఎఫ్ఈఆర్ అంటారు. దానికి 6 నెలల్లో జవాబివ్వాలి. అవసరమైతే కంట్రోలర్ దగ్గర హియరింగ్ ఉంటుంది. ఈలోగా ఎవరైనా అభ్యంతరం కూడా చెప్పవచ్చు. అన్నీ దాటితే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ల హక్కు. అప్పుడు కూడా చట్టం పేటెంటు చెల్లుబాటుకు గ్యారంటీ ఇవ్వదు. స్కాగిన్‌కు జరిగింది అదే.

'పబ్లిష్డ్' మోజులో పోయేదేంటి?

'డబ్బు కట్టండి, నెలలో మీ పేరు మీద పేటెంటు' అనే ప్రకటనలు విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. వీటిలో చాలావరకు అమ్ముతున్నది తొందర ప్రచురణే, లేదంటే డిజైన్ రిజిస్ట్రేషనే. డిజైన్ల చట్టం-2000 వస్తువు ఆకారాన్ని, రూపాన్ని కాపాడుతుంది. అది పనిచేసే తీరును కాదు. మందు పంపు డబ్బా ఆకారం డిజైన్ కిందికి వస్తుంది. లోపలి వాల్వు ఎలా పనిచేస్తుందన్నది పేటెంటు విషయం. రెంటినీ కలిపి 'పేటెంటు' అని రెజ్యూమెలో రాస్తే, తెలిసినవాళ్లు రెండు నిమిషాల్లో పట్టేస్తారు. దరఖాస్తు ఏ దశలో ఉందో పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు.

దీనివల్ల పరువు ఒక్కటే కాదు, నిజమైన హక్కు కూడా పోతుంది. అరకొర వివరణతో తొందరపడి ప్రచురిస్తే, రేపు మీరే అదే ఆలోచనను బాగా అభివృద్ధి చేసి దరఖాస్తు పెట్టినప్పుడు ఆ పాత ప్రచురణే మీకు అడ్డు నిలుస్తుంది. టెక్ ఫెస్ట్‌లు కూడా అంతే. ప్రదర్శనలకు చట్టంలో 12 నెలల మినహాయింపు ఉంది గానీ, అది కేంద్రం గెజిట్‌లో నోటిఫై చేసిన ప్రదర్శనలకే. కాలేజీ ఫెస్ట్‌కు అది వర్తించదు. ముందు దరఖాస్తు, తర్వాతే స్టేజీ.

పని చేయనివాళ్ల పేరు ఇన్వెంటర్‌గా చేర్చకండి. పనిచేసిన మీ పేరు వదిలేస్తే ఊరుకోకండి. హక్కుదారు కాలేజీయే అయినా, మంజూరైన పేటెంటులో ఇన్వెంటర్‌గా గుర్తింపు సర్టిఫికెట్ తీసుకునే వీలు 2024 నియమాల్లో వచ్చింది. ఉద్యోగానికి పనికొచ్చే కాగితం అది.

ఈ రంగంలో ఉద్యోగాలు

పేటెంట్ ఎగ్జామినర్: ఇది కేంద్ర ప్రభుత్వ గ్రూప్-ఎ గెజిటెడ్ పోస్టు. పే లెవెల్ 10, మూల వేతనం 56,100 రూపాయలతో మొదలు. 2023లో 553 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ పద్ధతిలో ఎంపిక. మెకానికల్, సివిల్, ఎలక్ట్రికల్ వంటి బ్రాంచీలకు ఇంజినీరింగ్ డిగ్రీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ వంటి సబ్జెక్టులకు పీజీ ఉండాలి. ఈ నోటిఫికేషన్ ఏటా రాదు. కాబట్టి దీని ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుని ఏళ్లు గడపడం మంచిది కాదు.

పేటెంట్ ఏజెంట్: సెక్షన్ 126 ప్రకారం 21 ఏళ్లు నిండిన భారత పౌరులై, సైన్స్, ఇంజినీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ ఉండి, అర్హత పరీక్ష పాసవ్వాలి. లా డిగ్రీ అక్కర్లేదు. లా ఒక్కటే చదివినవారికి అర్హత లేదు కూడా! పేపర్-1లో చట్టం, నియమాలు. పేపర్-2లో డ్రాఫ్టింగ్. తర్వాత వైవా. రెండు పేపర్లలో కనీసం 50 శాతం చొప్పున, మొత్తం మీద 60 శాతం రావాలి.

ప్రైవేటు రంగం: హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లోని ఐపీ సంస్థలు, ఫార్మా కంపెనీల ఐపీ విభాగాల్లో సెర్చ్ అనలిస్టు, డ్రాఫ్టింగ్ అసోసియేట్ ఉద్యోగాలుంటాయి. ఇక్కడ సబ్జెక్టు పట్టు, ఓపిగ్గా చదివే అలవాటు, తడబడకుండా ఇంగ్లిష్ రాయగలగడం కావాలి.

ఈ వారమే మొదలుపెట్టండి

ప్రపంచ మేధోసంపత్తి సంస్థ... అదే వైపో అకాడమీ ప్రాథమిక కోర్సు డీఎల్-101 ఉచితం. ముందు అది చేయండి. హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయం దూరవిద్యలో పేటెంట్ల చట్టంపై పీజీ డిప్లొమా నడుపుతోంది. చట్టంలో సెక్షన్ 2, 3, 10, 25, 31 మీరే చదవండి. నోట్సు కన్నా అసలు చట్టమే తేలిక.

ఆ తర్వాత ఒక సాధన. మీ ఇంట్లోనో, పక్కింటి రైతు దగ్గరో ఉన్న మందు పంపును విప్పి చూడండి. అందులో ఒక్క భాగాన్ని, ఒక వాల్వునో, వాషర్‌నో, నాజిల్‌నో ఎంచుకోండి. గూగుల్ పేటెంట్స్, ఎస్పాసెనెట్, మన పేటెంట్ ఆఫీసు ఇన్‌పాస్ డేటాబేస్ మూడింటిలో వెతకండి. స్ప్రేయర్లకు అంతర్జాతీయ వర్గీకరణ బి05బి, పంటలకు మందు చల్లే యంత్రాలకు ఎ01ఎం 7. పది పాత పేటెంట్లు చదివి, ఒక్కోటి ఏ సమస్యను ఎలా పరిష్కరించిందో ఒక్కో పేజీ రాయండి. చివర్లో, ఇప్పటికీ తీరని సమస్య ఏదో రాయండి.

ఈ పది పేజీలు చేతిలో ఉంటే, ఎవరో డబ్బుకు వేయించిన 'పబ్లిష్డ్' కాగితం కన్నా ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడగలరు. ఆ చివరి పేజీలో రాసిన సమస్యకు పరిష్కారం దొరికిందా... ముందు ఎవరికీ చూపించకండి. 1,600 కట్టి ప్రొవిజనల్ వేయండి.